మింక్ దుప్పటి, మింక్ బొచ్చు, మన నీటికుక్క

నవంబర్ పడిందంటే తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దుల ఉన్న బల్లార్షా, రాజురా, ఆసిఫాబాద్, సిరొంచ ఎక్కడ చూసినా బస్టాండ్ పక్కన దుప్పట్ల కుప్పలు పోస్తరు. పులి బొమ్మలు, గులాబీ పూల బొమ్మలు వేసిన మందపాటి దుప్పట్లు, జిప్పున్న ప్లాస్టిక్ సంచులల్ల మడతపెట్టి ఉంటయి, సంచి మీద పెద్దగ మింక్ అని రాసి ఉంటది. చెయ్యి పెడితే మెత్తగ జారిపోతది. అమ్మేటోడు కిలోల లెక్కన చెప్తడు, ఇది సింగిల్‌ది, ఇది డబుల్ బెడ్‌ది నాలుగు కిలోలు అని. ఈ ఏరియా వాతావరణమే అట్లాంటిది, ఎండకాలం చంద్రపూర్‌ల 47 డిగ్రీలు దాటుతది, అదే డిసెంబర్, జనవరి వచ్చేసరికి అవతల ఆదిలాబాద్, సిర్పూర్ (యు) దిక్కు సింగిల్ డిజిట్‌కు పడిపోతది. కాబట్టి ఇంట్ల ఒక్కటన్న మింక్ దుప్పటి ఉండాల్సిందే, పెండ్లిళ్ళల్ల అల్లుడికి పెట్టేది కూడ అదే అయింది ఈ మధ్య.

అయితే ఆ దుప్పట్ల మింక్ అనేది ఒక్క వెంట్రుక కూడ లేదు. అది హర్యానాల పానిపట్‌ల పాలిస్టర్ దారంతో తయారైన సరుకు. మరి ఆ పేరు ఎక్కడిది, ఆ పేరున్న జంతువు ఏంది, దాని బొచ్చుకు అంత విలువ ఎందుకొచ్చింది, ఆ విలువ దానికి ఏం చేసింది అనేది తెలుసుకోదగ్గ విషయం, ఎందుకంటే ఆ కథ తిరిగి తిరిగి మన గోదావరి దాకనే వస్తది.

మింక్‌కు తెలుగుల పేరు లేదు, ఉండే అవకాశం కూడ లేదు, అది మన దగ్గర పుట్టిన జంతువు కాదు. చూడనోళ్ళకు చెప్పాలంటే ముంగిసంత సైజు, పొడుగు ఒళ్ళు, పొట్టి కాళ్ళు, చిన్న చెవులు, ముదురు చాక్లెట్ రంగు, గదవ కింద చిన్న తెల్ల మచ్చ. ముంగిస లెక్క కనిపిస్తది గానీ ముంగిసకు దానికి చుట్టరికం లేదు. దాని అసలు చుట్టం మన నీటికుక్క, ఇంగ్లీషుల ఆటర్ అంటరు, ఇద్దరిదీ ఒకటే కుటుంబం. కాళ్ళ వేళ్ళ నడుమ కొంచెం తోలు పొర ఉంటది, దాంతోని ఈదుతది, మునుగుతది, చేపలు, కప్పలు, ఎండ్రికాయలు, ఎలుకలు, నీటి పక్షులు ఏది దొరికితే అది తింటది. మగది కిలో, కిలోన్నర దాక తూగుతది, ఆడది అందులో సగం. ఒంటరిగ బతుకుతది, తన వాగు గట్టు తనదే అన్నట్టు ఉంటది, ఇంకో మింక్‌ను రానియ్యదు, తోక కింద ఉన్న గ్రంథుల నుంచి ఘాటు వాసన వదిలి హద్దులు పెట్టుకుంటది.

ఇందులో మూడు రకాల గురించి చెప్పుకోవాలె. ఒకటి అమెరికన్ మింక్, కెనడా, అమెరికా అంతట ఉండేది, మింక్ ఫర్ (బొచ్చు తోలు) వ్యాపారం మొత్తం దీని మీదనే నడిచింది. రెండోది యూరోపియన్ మింక్, పేరు ఒకటే గానీ దగ్గరి చుట్టం కాదు, ఇప్పుడు ప్రపంచంలనే అంతరించిపోయే అంచున ఉన్న జంతువుల లిస్టుల ఉంది. మూడోది సముద్రపు మింక్, అమెరికా ఈశాన్య తీరం, కెనడా తీరం వెంబడి రాళ్ళల్ల బతికేది, మిగతా వాటికంటే పెద్దది. పెద్దది అంటే తోలు ఎక్కువ, తోలు ఎక్కువంటే పైసలు ఎక్కువ, అందుకే కుక్కలను పెట్టి, రాళ్ళు పెకిలించి మరీ పట్టిన్రు. 19వ శతాబ్దం ముగిసేసరికి ఒక్కటి కూడ మిగల్లేదు. సైన్సోళ్ళు దాన్ని ఒక జాతిగ గుర్తించి పేరు పెట్టింది 1903ల, అప్పటికే అది లేదు, పాత ఎముకలు చూసి పెట్టిన్రు. బతికుండంగ ఎట్ల తిరిగేదో ఎట్ల పిల్లలను సాకేదో సరిగ్గ రాసిపెట్టినోళ్ళు లేరు.

ఇగ బొచ్చు సంగతి. చలికి ఏది కప్పుకున్నా మనల్ని వెచ్చగ ఉంచేది ఆ బట్ట కాదు, ఆ బట్ట లోపల చిక్కుకున్న గాలి. గాలి కదలకుండ ఆగిపోతే ఒంటి వేడి బయటికి పోదు, అంతే సూత్రం. మన కురుమోళ్ళు నేసే గొంగడి తీసుకోండి, దక్కనీ నల్ల గొర్రె ఉన్నితోని చేసేది, గరుకుగ ఉంటది గానీ ఉన్ని పోగు వంకరటింకరగ ఉంటది కాబట్టి నడుమ నడుమ గాలి ఆగుతది, వానల తడిసినా ఉన్ని తన బరువుల దాదాపు మూడో వంతు తేమ పీల్చుకుని కూడ చలి పెట్టనియ్యదు. అందుకే గొర్రెల కాపరి వానకాలం మొత్తం గొంగడి కప్పుకుని మంద ఎంబడి తిరుగుతడు. మింక్ చేసేది ఇదే పని, కాకపోతే నీళ్ళల్ల మునిగి చేస్తది, అది ఇంకా కష్టం.

దాని ఒంటి మీద బొచ్చు రెండు వరుసలు. కింద ఉండేది సన్నటి, పొట్టి, మెత్తటి, వంకర్లు తిరిగిన నూగు, వేళ్ళతోని విడదీసినా చర్మం కనిపించనంత దట్టం. దాని మీదికెల్లి పొడుగ్గ, నున్నగ, మెరిసే వెంట్రుకలు. పై వెంట్రుకలు ఒంటి నూనెతోని నీళ్ళను జారగొడతయి, ఇంటి కప్పు మీద గూన పెంకుల లెక్క. కింది నూగు గాలిని పట్టుకుంటది. మింక్ నీళ్ళల్ల మునిగినప్పుడు దాని చుట్టూ సన్న సన్న బుడగలు వెండి లెక్క మెరుస్తయి, అది ఈ గాలే. పైకొచ్చి ఒక్కసారి దులుపుకుంటే సగం తడి పోతది. అట్లని దీని బొచ్చు అన్నిటికంటే గొప్పదేం కాదు, సముద్రపు నీటికుక్కకు ఒక చదరపు సెంటీమీటర్‌ల లక్షకు పైన వెంట్రుకలు ఉంటయి, దాని ముందు మింక్ ఏ మూలకు. మింక్ చల్లటి నీళ్ళల్ల ఎక్కువసేపు ఉండలేదు, మునుగుడు కూడ సెకన్ల లెక్కనే, చేపను పట్టిందా గట్టెక్కిందా అంతే.

ఈ బొచ్చు ఏడాది పొడుగునా ఒక తీరు ఉండదు. ఎండకాలం పలచగ, చలికాలం ఒత్తుగ. మారేది చలి చూసి కాదు, పగటి పొద్దు చూసి. ఎండకాలం దాటి పగటి పొద్దు తగ్గుకుంట పోతుంటే ఒంట్ల మెలటోనిన్ అనే హార్మోన్ పెరుగుతది, అది చలికాలం కోటు మొలిపిస్తది, నవంబర్ ఆఖరుకు ఆ కోటు పూర్తయితది. చర్మం లోపలి దిక్కు నలుపు పోయి తెల్లగయితది, వెంట్రుక ఎదుగుడు ఆగిందని అదే గుర్తు. ఫర్ వ్యాపారుల భాషల అదే మంచి సీజన్. అందుకే ఫారాలల్ల నవంబర్, డిసెంబర్‌లనే చంపుతరు. మన దగ్గర దుప్పట్ల కుప్పలు పోసే టైం, అక్కడ మింక్ తోళ్ళు తీసే టైం రెండూ ఒకటే నెల, కావాలని కలిపింది కాదు, చలికాలం అందరికీ ఒకటే కదా.

దట్టమైన బొచ్చున్న జంతువులు మస్తు ఉంటే మింకే ఎందుకు రాజయింది అంటే చాలా కారణాలు కలిసినయి. నీటికుక్క తోలు మందం, బరువు, కోటు కుడితే మొయ్యలేరు. కుందేలు బొచ్చు మెత్తన గానీ రాలిపోతది. మింక్‌ది పై వెంట్రుక పొట్టిగ, సమానంగ, మెరుస్తుంటది, తోలు పలచన, తేలిక, ఎన్నో ఏండ్లు కట్టుకోవచ్చు. చిన్న జంతువు కాబట్టి ఒక్క పొడుగు కోటుకు దాదాపు 40 నుంచి 60 తోళ్ళు పడతయి. వాటిని ఊకెనే పక్కపక్కన కుట్టరు, ఒక్కో తోలును ఏటవాలుగ సన్న సన్న పట్టీలు కోసి కొంచెం కొంచెం జరిపి మళ్ళ కుడతరు, అట్ల చేస్తే పొట్టి తోలు భుజం నుంచి మోకాలు దాక అతుకు కనిపించకుండ సాగుతది. వేల కుట్లు పడతయి ఒక కోటుకు. పని అయితే గొప్పదే, ఆ చేతి నైపుణ్యాన్ని తక్కువ చెయ్యొద్దు, కోటుకు పలికే ధరల చాలా భాగం ఆ పనిదే.

ఇంకో పెద్ద కారణం, మింక్ బోనుల పిల్లలు పెడతది. అడవి జంతువుల్ల చానా వరకు బోనుల వేస్తే పెట్టవు. అమెరికాల న్యూయార్క్ రాష్ట్రంల 1860లల్లనే పెంచుడు మొదలుపెట్టిన్రు. ఫిబ్రవరి, మార్చిల జత కడతది, గర్భం మాత్రం వెంటనే మొదలు కాదు, పిండం కొన్ని దినాలు కడుపుల ఊకెనే ఆగి ఉండి, పొద్దు పెరిగినంక గోడకు అంటుకుని ఎదుగుడు మొదలుపెడతది, ఎప్పుడు జత కట్టినా ఈత మాత్రం ఏప్రిల్ ఆఖరు, మే మొదట్లనే పడతది. పుట్టినప్పుడు పిల్ల పది గ్రాముల దగ్గర ఉంటది, కండ్లు తెరవడానికి నెల పడతది. ఒక్క ఈతల నాలుగైదు పిల్లలు. మే నెలల పుట్టింది నవంబర్‌ల తోలు అయితది, అంటే ఆరేడు నెలల బతుకు. పెంపకంల పుట్టిన వాటిల అప్పుడప్పుడు వేరే రంగువి పుడుతయి, 1930ల నుంచి వాటిని విడిగ పెంచి వెండి నీలం, తెలుపు, ముత్యం రంగు, నలుపు అని పదుల రకాలు తీసిన్రు. అందులో ఉక్కు నీలం రంగు ఒకటుంటది, అల్యూషియన్ అంటరు, ఆ రంగు తెచ్చే జన్యువే దాని రోగ నిరోధక శక్తిని కూడ దెబ్బ తీస్తది, అందుకే ఒక పార్వో వైరస్ రోగం ఈ రంగు వాటిలనే మొదట బయటపడి దానికి అదే పేరు పడ్డది. రంగు కోసం రోగాన్ని కూడ కలిపి పెంచిన్రన్నట్టు.

ఫారం అంటే కోళ్ళ ఫారం లెక్కనే పొడుగు షెడ్లు, వరుసగ తీగ జాలీ బోన్లు. ఒక్కో బోను అడుగు వెడల్పు, మూడడుగుల పొడుగు, పక్కన పడుకోవడానికి గడ్డి వేసిన చిన్న డబ్బా. చేపల వ్యర్థాలు, కబేళా వ్యర్థాలు రుబ్బి ముద్దలు చేసి బోను మీద పెడతరు. ఈత కొట్టడానికి నీళ్ళుండవు. ఇక్కడ 2001ల ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఒక పరిశోధన చెప్పుకోవాలె. మింక్‌లకు బోను పక్కన వేరే వేరే గదులు పెట్టిన్రు, ఒక దాంట్ల ఆడుకునే వస్తువులు, ఒక దాంట్ల ఇంకో గూడు, ఒక దాంట్ల నీళ్ళ తొట్టి, ఇట్ల. తలుపులకు బరువులు పెట్టుకుంట పోయిన్రు. ఎంత బరువు పెట్టినా నెట్టుకుని పోయింది నీళ్ళ తొట్టి దగ్గరికే. ఆ తొట్టి ఒక దినం మూసేస్తే వాటి ఒంట్ల ఒత్తిడి హార్మోన్ ఎంత పెరిగిందంటే, తిండి పెట్టకపోతే ఎంత పెరుగుతదో దాదాపు అంత. నీళ్ళ కోసం ఇన్ని లక్షల ఏండ్లు తయారైన ఒళ్ళు అది, ఆ బొచ్చు మీద పెట్టిన ధర మొత్తం నీళ్ళు ఇచ్చిందే, ఆ నీళ్ళు తప్ప మిగతావన్నీ ఫారంల ఉన్నయి. పాయింట్ మొత్తం ఇదే అనిపిస్తది.

యూరప్‌కు అమెరికన్ మింక్‌ను తెచ్చింది 1920లల్ల. బోన్లల్లకెల్లి కొన్ని తప్పించుకున్నయి, కొన్నిటిని కావాలనే వదిలిన్రు, సోవియట్ దేశంలనైతే అడవిల పెరిగితే వేటాడుకోవచ్చు అని వేల లెక్కన వదిలిన్రు. అక్కడి వాగులల్ల అవి పాతుకుపోయినయి. బ్రిటన్‌ల నీటి గట్టు ఎలుక అని ఒకటుంటది, గట్టుకు బొరియ చేసుకుని బతికేది, వేరే శత్రువు వస్తే బొరియల దూరి బతికిపోయేది, ఆడ మింక్ మాత్రం ఆ బొరియల పట్టేంత సన్నగ ఉంటది, ఇగ దానికి తప్పించుకునే దారి లేకుండ పోయింది, చాలా చోట్ల వాగుల పొంటి మొత్తం ఖాళీ అయినయి. యూరోపియన్ మింక్‌ను కూడ ఇదే తన జాగాల్లకెల్లి వెళ్ళగొట్టింది. మన చెరువుల గుర్రపుడెక్క వచ్చి మిగతా అన్నిటిని ఎట్ల కప్పేసిందో అట్లనే.

డెన్మార్క్ కథ దగ్గర మాత్రం కొంచెం ఆగాలె. ఆ దేశ జనాభా దాదాపు 58 లక్షలు, 2020 నాటికి అక్కడి ఫారాలల్ల మింక్‌లు కోటిన్నర దాటి ఉండె, అంటే మనిషికి మూడు మింక్‌ల దగ్గర. అప్పట్ల ప్రపంచంల పెద్ద ఫర్ వేలం సంస్థ అయిన కోపెన్‌హాగన్ ఫర్ కూడ అక్కడిదే, పెంచే రైతులు కలిసి పెట్టుకున్న సహకార సంఘం. మన దగ్గర పత్తి జిన్నింగ్‌ల గ్రేడ్ చూసినట్టు తోళ్ళను సైజు, రంగు, మెరుపు చూసి ఒక్క తీరువన్నీ కట్టలు కట్టి వేలం వేసేటోళ్ళు, కొనేటోళ్ళల్ల ఎక్కువ మంది చైనా వ్యాపారులు ఉండె. కరోనా వచ్చిన ఏడాది ఏప్రిల్‌ల మొదట నెదర్లాండ్స్ ఫారాలల్ల మింక్‌లకు ఆ వైరస్ అంటింది. పనోళ్ళ నుంచి మింక్‌లకు, మింక్‌లల్ల ఒకదాన్నుంచి ఒకదానికి, తిరిగి మింక్‌ల నుంచి మనుషులకు. ఒక్కో షెడ్డుల వేల జంతువులు, అన్నీ జాలీల నడుమ, ఒక ఏడాదిల పుట్టిన ఒకటే రకం, వైరస్‌కు అంతకంటే మంచి జాగ దొరకదు. జూలైల స్పెయిన్‌ల తెరుయెల్ దగ్గర ఒక్క ఫారంలనే 90 వేలకు పైగ మింక్‌లను చంపాల్సొచ్చింది.

2020 నవంబర్ 4న డెన్మార్క్ ప్రధాని మెట్టే ఫ్రెడెరిక్సన్ టీవీల ప్రకటన చేసింది, దేశంల ఉన్న మింక్‌లన్నిటినీ చంపాలె అని. కారణం, మింక్‌లల్ల మార్పు చెందిన ఒక వైరస్ రకం 12 మంది మనుషుల్ల కనిపించింది, రాబోయే టీకాలు దాని మీద సరిగ్గ పని చెయ్యవేమో అని భయం. పోలీసులు, మిలిటరీ దిగిన్రు. రోగం లేని ఫారాలల్ల కూడ చంపమని చెప్పడానికి ప్రభుత్వానికి చట్టంల అధికారమే లేదని తర్వాత బయటపడ్డది. రెండు వారాలల్ల వ్యవసాయ మంత్రి మోగెన్స్ యెన్సెన్ రాజీనామా చేసిండు. అప్పటికే పని చాలా వరకు అయిపోయింది. కాల్చడానికి బట్టీలు సరిపోక లక్షల కళేబరాలను పశ్చిమ యూట్లాండ్‌ల మిలిటరీ జాగాలల్ల కందకాలు తీసి పూడ్చిన్రు, ఇసుక నేల, పైన మట్టి తక్కువ, లోపల కుళ్ళి గ్యాస్ పుట్టి ఉబ్బి అవి నేలల్లకెల్లి పైకి తేలినయి. ఆ వీడియోలు ప్రపంచమంతా చూసింది. దగ్గర్ల చెరువు ఉందని, భూగర్భ నీళ్ళు పాడయితయని చుట్టుపక్కల జనం మొత్తుకుంటే 2021 ఎండకాలం దాదాపు 40 లక్షల కళేబరాలు మళ్ళ తవ్వి తీసి కాల్చిన్రు. విచారణ కమిషన్ 2022 జూన్‌ల రిపోర్ట్ ఇచ్చింది, ఆ దుమారంల ఎన్నికలు ముందుకు జరిగి 2022 నవంబర్ 1న అయినయి. పెంచేటోళ్ళకు ప్రభుత్వం వేల కోట్ల రూపాయల విలువైన నష్టపరిహారం కట్టింది. రెండు మూడు తరాల నుంచి ఇదే పని చేసిన కుటుంబాలు ఒక్క వారంల షెడ్లు ఖాళీ చేసుకున్నయి, వాళ్ళ దుఃఖం కూడ నిజమైందే, ఒక్క దిక్కు నుంచి చూసి తీర్పు చెప్పేది కాదిది. కోపెన్‌హాగన్ ఫర్ కూడ 2020 నవంబర్‌లనే దుకాణం మూస్తున్నం అని చెప్పింది.

నిజానికి ధర అంతకుముందే పడిపోయి ఉండె. 2013 దాక చైనా గిరాకీతోని తోలు రేటు ఆకాశంల ఉండేది, అది చూసి అందరూ పెంపకం పెంచిన్రు, సరుకు పోగుబడ్డది, తర్వాత నాలుగైదేండ్లల్ల పెంచే ఖర్చు కూడ రాని స్థితి. పత్తి, మిరప రైతులకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు. అటు చట్టాలు కూడ మారుకుంట వచ్చినయి, బ్రిటన్ 2000ల చట్టం చేసి ఫర్ ఫారాలు బంద్ పెట్టింది, నెదర్లాండ్స్ 2024 దాక టైం ఇచ్చుకుని కరోనాతోని ముందే మూసేసింది. 2022 అక్టోబర్‌ల స్పెయిన్ గలీసియాల ఒక మింక్ ఫారంల బర్డ్ ఫ్లూ వచ్చింది, 50 వేలకు పైన జంతువులున్న ఫారం, అక్కడ జంతువు నుంచి జంతువుకు పాకినట్టు కనిపించేసరికి వైరస్‌ల మీద పనిచేసేటోళ్ళందరూ ఉలిక్కిపడ్డరు. మన దేశం సంగతికొస్తే 2017 జనవరిల కేంద్రం మింక్, నక్క, చిన్‌చిల్లా ఫర్ తోళ్ళ దిగుమతిని నిషేధించింది. అందుకే మన మార్కెట్ల మింక్ అని ఏది కనిపించినా అది పేరు మాత్రమే అనుకోవచ్చు.

ఇప్పుడు మన ఇంటి చుట్టం దగ్గరికి వద్దాం. నీటికుక్క. మరాఠీల పాణ్‌మాంజర్ అంటరు, అంటే నీటి పిల్లి, నది ఈ ఒడ్డున కుక్క ఆ ఒడ్డున పిల్లి, జంతువు మాత్రం ఒకటే. గోదావరిల ఉండేది నున్న బొచ్చు నీటికుక్క, ఏడు నుంచి పది కిలోల దాక పెరుగుతది, మింక్ లెక్క ఒంటరిది కాదు, తల్లి తండ్రి పిల్లలు కలిసి గుంపుగ ఈదుతయి, చేపల గుంపును అందరూ కలిసి ఒక మూలకు తోలి పడతయి, ఒకదానితో ఒకటి ఈలలు వేసుకున్నట్టు మాట్లాడుకుంటయి. పేరులనే ఉంది, దీని బొచ్చు పొట్టిగ, నున్నగ, మఖ్మల్ లెక్క ఉంటది. వలల చేపలు తింటదని, వల చింపుతదని చేపలు పట్టేటోళ్ళకు కోపం ఉంటది, ఆ కోపానికి కారణం ఉంది కూడ, ఒక వల పోతే కూలి పోయినట్టే. అయినా నీటికుక్క ఉన్నదంటే ఆ నీళ్ళల్ల చేప ఉన్నట్టు, మడుగు ఎండలేదన్నట్టు.

ఈ నున్న బొచ్చే దాని ప్రాణం మీదికి తెచ్చింది. మన దేశంల పట్టిన నీటికుక్కల తోళ్ళు నేపాల్ మీదుగ టిబెట్ పోయేవి, అక్కడ చుపా అనే పొడుగు అంగీ అంచులకు పులి, చిరుత, నీటికుక్క తోళ్ళు కుట్టుకోవడం గొప్ప. 2003 అక్టోబర్‌ల టిబెట్‌ల ఒక్క లారీల దొరికిన సరుకు చూడండి, 31 పులి తోళ్ళు, 581 చిరుత తోళ్ళు, 778 నీటికుక్క తోళ్ళు. పులి గురించి దేశమంతా మాట్లాడింది, మాట్లాడాల్సిందే, కానీ ఆ లెక్కల అన్నిటికంటే పెద్ద అంకె నీటికుక్కదే, దాని గురించి ఎవరూ అడగలే. ఇది మనసుకు ఇప్పటికీ బాధగనే ఉంటది.

తర్వాత జరిగింది మన తెలుగు నేల మీదనే. 2006 జనవరిల అప్పటి గుంటూరు జిల్లా అమరావతిల బౌద్ధుల కాలచక్ర వేడుకలు జరిగినప్పుడు టిబెట్ బౌద్ధుల గురువు దలైలామా వచ్చిండు, టిబెట్ నుంచి కూడ వేల మంది వచ్చిన్రు. అక్కడ ఆయన జంతువుల తోళ్ళు తొడుక్కోవద్దని, అట్లాంటి బట్టలేసుకున్న ఫొటోలు చూస్తే సిగ్గయితుందని గట్టిగ చెప్పిండు. ఆ మాట అమరావతి నుంచి టిబెట్ చేరేసరికి, కొన్ని వారాలల్లనే అక్కడ జనం తాతల కాలం నుంచి దాచుకున్న తోలు అంచుల అంగీలు నడి బజార్ల కుప్ప పోసి కాల్చిన్రు. ఎన్ని చట్టాలు చేసినా పడిపోని గిరాకీ ఒక్క మాటతోని పడిపోయింది, ఎందుకంటే చెప్పింది వాళ్ళు నమ్మే మనిషి. చలికాలం మన పట్టణాలల్ల స్వెటర్ల దుకాణాలు పెట్టే టిబెటన్లల్ల ఆ ఏడాది అమరావతి పోయొచ్చినోళ్ళు కూడ ఉంటరు, ఇటు గోండియా దిక్కు గోఠణ్‌గావ్‌ల, అటు ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరిల వాళ్ళ సెటిల్‌మెంట్లు ఉన్నయి.

చట్టం దిక్కు నుంచి చూస్తే నీటికుక్కను పట్టినా చంపినా తోలు దగ్గర పెట్టుకున్నా 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. అంతర్జాతీయ వ్యాపారం మీద 2019ల నున్న బొచ్చు నీటికుక్కను అన్నిటికంటే కఠినమైన లిస్టుల పెట్టిన్రు. ముంగిసకు కూడ రక్షణ ఉంది, చాలా మందికి తెల్వదు గానీ బొమ్మలు గీసే బ్రష్‌లల్ల ముంగిస వెంట్రుక వాడతరు, దాన్ని అమ్మినా కొన్నా నేరమే, పిల్లల డ్రాయింగ్ క్లాస్‌కు బ్రష్ కొనేటప్పుడు సింథటిక్‌దే అడగాలె.

మళ్ళ బస్టాండ్ దగ్గరి దుప్పటికి వస్తే, దాన్ని తయారు చేసే తీరు కూడ బాగుంటది. రాషెల్ అనే అల్లిక మిషన్ మీద ఎదురెదురుగ రెండు పొరలు ఒకేసారి అల్లుతది, ఆ రెండిటి నడుమ దారాలు అటూ ఇటూ తిరుగుతయి, తర్వాత నడిమికి కోస్తే రెండు బట్టలు విడిపోతయి, ఒక్కో దాని మీద కోసిన దారాలు నిలబడి నూగు లెక్క అయితయి. దాన్ని దువ్వి, మెరుగు పెట్టి, పులి బొమ్మో పూల బొమ్మో అచ్చేస్తరు. పానిపట్ ఒకప్పుడు పాత ఉన్ని బట్టలు చింపి మళ్ళ దారం తీసి కంబళ్ళు నేసిన ఊరు, ఆ షోడీ కంబళ్ళే తుఫాన్లప్పుడు, వరదలప్పుడు జనానికి పంచేవి, ఇప్పుడు అక్కడ పాలిస్టరే ఎక్కువ. దీన్ని నకిలీ అని తీసెయ్యడం కరెక్ట్ కాదు. నిలబడ్డ దారాల నడుమ గాలి ఆగుతది, వెచ్చదనం వస్తది, మింక్ బొచ్చు చేసే పనే ఇది, ఒక్క జంతువు కూడ పోకుండ కూలి చేసుకునేటోడి ఇంట్లకు కూడ వచ్చింది, చిన్న విషయం కాదది. కాకపోతే చెమట పీల్చదు, ఉతికినప్పుడల్ల సన్నటి ప్లాస్టిక్ పోగులు రాలి మోరీల కలిసి వాగుల పోతయి. అన్నిటికంటే ముఖ్యం, మంట. మన దగ్గర మంచం కింద కుంపటి పెట్టుకునే అలవాటు, చలిమంట దగ్గర దుప్పటి కప్పుకుని కూసునే అలవాటు ఇంకా ఉంది. ఉన్ని గొంగడి మీద నిప్పురవ్వ పడితే మాడి ఆరిపోతది, పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటది. ముసలోళ్ళు, చిన్నపిల్లలు ఉన్న ఇండ్లల్ల ఇది ఖచ్చితంగ గుర్తుంచుకోవాలె.

ఏది వెంట్రుక ఏది ప్లాస్టిక్ అని తెలుసుకోవడం కూడ ఈ మంటతోనే. అంచుల్లకెల్లి ఒక్క పోగు పీకి చిమటాతోని పట్టుకుని అంటిస్తే, వెంట్రుకైతే తల వెంట్రుకలు కాలిన వాసన వచ్చి నలిపితే బూడిద అయితది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూస లెక్క మిగుల్తది. బ్యూటీ పార్లర్లల్ల మింక్ లాషెస్ అని అమ్మే కనురెప్పలకు కూడ ఇదే పరీక్ష, చాలా వరకు పూసనే మిగుల్తది.

గోదావరి ఒడ్డున పొద్దున్నే తిరిగేటోళ్ళకు నీటికుక్క కనపడకపోయినా జాడ దొరుకుతది. తడి ఇసుక మీద అయిదు వేళ్ళ అడుగులు, ఒక్క జాగాలనే అన్నీ వేసిన పెంట, దాంట్ల చేప పొలుసులు, ముళ్ళు, నీసు వాసన. దాని పక్కన పొడి ఇసుక మీద ఎవరో చాప ఈడ్చినట్టు చదునైన జాగ కనిపిస్తది. నీళ్ళల్లకెల్లి పైకొచ్చినంక అవి అక్కడ వెల్లకిల పడి, పక్కకు తిరిగి, మళ్ళ వెల్లకిల పడి పొర్లుతయి, తడి వెంట్రుకలు ఒకదానికి ఒకటి అంటుకుంటే నడుమ గాలి నిలవదు, అందుకే ఇసుకతోని తుడుచుకుని బొచ్చు విడదీసుకుంటయి, ఆరినంక మళ్ళ నీళ్ళల్లకు దిగుతయి.